లోచ్ చారలు మారితే మందు వెయ్యకండి

"అన్నా, యోయో లోచ్ చారలు చెదిరిపోతున్నయ్, ఏం మందు ఎయ్యాలె?" హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఫోటోతో సహా వచ్చే ప్రశ్నల్లో ఇదే ఎక్కువ. లోచ్ అంటే అక్వేరియంలో పెంచే, మీసాలున్న చేప; యోయో అందులో ఒక రకం. ఫోటోలో చేప నిక్షేపంగా ఉంటుంది. ట్యాంకు నీళ్లు మాత్రం అప్పటికే మందుతో నీలంగా మారి ఉంటాయి.

అపోహ: చిన్నప్పటి చారలే చివరిదాకా ఉంటాయి. మారాయంటే జబ్బు, లేదంటే షాపాయన వేరే రకం అంటగట్టాడు.

వాస్తవం: బోటియాల్లో (యోయో లాంటి లోచ్‌ల జాతి) చాలా రకాలకు పిల్లప్పటి గుర్తులు వేరు, పెద్దయ్యాక వేరు. ఒకటిన్నర అంగుళం యోయో మీద ఇంగ్లీషు వై, ఓ అక్షరాల్లాంటి నల్ల గుర్తులు ఉంటాయి. మూడంగుళాలు దాటేసరికి వాటి మధ్య కొత్త గీతలు లేస్తాయి, పాతవి తెగుతాయి, చివరికి వల అల్లినట్టవుతుంది. కొన్నిటికి వల కూడా తెగి మచ్చలు మిగులుతాయి. ఎడమ పక్క ఒక తీరు, కుడి పక్క ఇంకో తీరు ఉన్నా కంగారు పడనక్కర్లేదు. బర్మా-థాయిలాండ్ సరిహద్దు నుంచి వచ్చే బోటియా కుబోటై కూడా అంతే: పెరిగేకొద్దీ నల్ల గీతలు కలిసిపోయి, నడుమ లేత చుక్కలు మిగులుతాయి.

వయసుతో పని లేకుండా గంటలో వచ్చిపోయే మార్పు ఇంకొకటుంది. గుంపులో పెద్దరికం కోసం రెండు లోచ్‌లు తలపడితే ఒళ్లు బూడిద రంగుకు తిరిగి, చారలు వెలిసినట్టు కనిపిస్తాయి. కొట్లాట సద్దుమణిగాక రంగు తిరిగొస్తుంది. ఈలోపే మందు బాటిల్ మూత తీసేవాళ్లు ఉన్నారు, నష్టం అక్కడే జరుగుతుంది. లోచ్‌ల పొలుసులు మరీ సన్నం. కాపర్ మందులు, మలకైట్ గ్రీన్ మామూలు డోసులోనే వాటికి ప్రమాదం. మిథిలీన్ బ్లూ (నీలం మందు) ట్యాంకులో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా పెరుగుతుంది. చేప చచ్చాక "చూసినవా, రోగమే" అంటారు. దాన్ని చంపింది ఆ నీళ్లే.

నిజంగా భయపడాల్సినవి చారల్లో ఉండవు. ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు, మొప్పలు గబగబా ఆడటం, తింటున్నా కడుపు లోపలికి పోవడం - ఇవి చూడండి. ఇవేవీ లేకుండా చారలొక్కటే మారితే మందు జోలికి పోకండి.

జాతి తేల్చుకోవాలంటే చేపను పెరగనివ్వాలి. కొన్న రోజు పెట్టే పేరు పెన్సిల్‌తో రాసుకున్నదే అనుకోండి. మూతి కొస నుంచి తోక మొదలు దాకా స్కేలు అద్దానికి ఆనించి కొలవండి. మూడంగుళాల లోపు యోయో అయినా, ఇంకో బోటియా రకం రోస్ట్రాటా అయినా ఖాయంగా చెప్పడం కష్టం. నెలకోసారి ఒకే పక్క నుంచి, మేత తిని నెమ్మదించాక, తెల్ల లైటులో ఫోటో తీసి దాచండి. షాపుల్లోని గులాబీ, నీలం ఎల్ఈడీల కింద పసుపు రంగు నమ్మేది కాదు.

పెద్ద చేపలో ముందు చూడాల్సింది చారల లెక్క కాదు, చార లోపల ఏముందనేది. బోటియా డారియోకు పసుపు ఒంటి మీద వెడల్పాటి ముదురు పట్టీలు, సాధారణంగా ఏడెనిమిది. పెద్దయ్యాక కూడా పట్టీలుగానే నిలుస్తాయి. రోస్ట్రాటాలో పట్టీ నడుమ లేత చీలిక వచ్చి జంట గీతలుగా విడిపోతుంది, నిచ్చెన మెట్ల వరసలా. యోయోలో గీతలు అడ్డదిడ్డంగా కలుసుకుంటాయి. ఈ మూడూ ఎక్కువగా ఈశాన్యం, బెంగాల్ వైపు వాగుల్లో పట్టి కలకత్తా మీదుగా వచ్చేవే, ఒకే కవర్లో కలిసి రావడం వింతేం కాదు. కాబట్టి షాపాయన మోసం చేశాడని ఊరికే అనేయకండి, ఆయనకూ తెలిసి ఉండదు.

చార కనిపిస్తే చాలు "జీబ్రా" అంటున్నారు. అసలు జీబ్రా లోచ్, బోటియా స్ట్రయాటా, పశ్చిమ కనుమల్లోని కృష్ణా ఎగువ వాగులది. సన్నటి ఏటవాలు చారలు ఒత్తుగా, తల మీద కూడా ఉంటాయి; పెరిగినా 10 సెం.మీ. దాటడం అరుదు. సహజ ఆవాసంలో అంతరించే ముప్పున్న జాతి, ట్యాంకులో పిల్లలు పెట్టించడం సులువు కాదు. ఉన్నవాటిని జాగ్రత్తగా చూసుకోండి.

క్లౌన్ లోచ్‌తో ఈ తిప్పలే లేవు. మూడు నల్ల పట్టీలు: కంటి మీదుగా ఒకటి, వెన్ను రెక్కకు ముందు ఒకటి, వెనక ఒకటి. ముసలిదైనా అవే. అక్కడ తప్పు జరిగేది సైజులో: 30 సెం.మీ. దాకా పెరిగే చేపను రెండడుగుల ట్యాంకులో వేస్తున్నారు.

"గోల్డెన్ లోచ్" అని అమ్మేది లోచ్ కాదు, చైనీస్ ఆల్గే ఈటర్. నోరు అద్దానికి అతుక్కుంటుంది, లోచ్‌లకుండే మీసాలు దానికి కనిపించవు. పెద్దయ్యాక ఇతర చేపల ఒంటి మీది జిగురు గీకి తింటుంది.

లోచ్‌ను నెట్‌తో పట్టొద్దు. కంటి కింద మడత ముల్లు ఉంటుంది, బెదిరితే లేచి వలకు చిక్కుకుంటుంది. లాగితే కన్ను దగ్గర చీలుతుంది. ప్లాస్టిక్ మగ్గు ముంచి అందులోకి తోలండి. హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చుకునేవాళ్లు రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేయించండి, అడుగు మూలలకు రబ్బర్ బ్యాండు చుట్టించండి. చేప మూలలో ఇరుక్కుంటే ఆ ముల్లే కవర్‌ను పొడుస్తుంది, జనగామ వచ్చేసరికి నీళ్లు సీటు కింద ఉంటాయి.