నేవీ కెప్టెన్: అపోహలు - వాస్తవాలు

నేవీ నుంచి రిటైరయ్యాక పిల్లలకు, తల్లిదండ్రులకు నేను ఎక్కువగా వివరించాల్సి వస్తున్నది కెప్టెన్ ర్యాంకు గురించే.

అపోహ: ఆర్మీ కెప్టెన్, నేవీ కెప్టెన్ ఒకటే.

వాస్తవం: మూడు ర్యాంకుల తేడా ఉంది. ఆర్మీ కెప్టెన్‌కి సమానం నేవీ లెఫ్టినెంట్. ఆ పైన లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్ దాటాకే కెప్టెన్. అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. ఆర్మీలో కమిషన్ వచ్చిన, అంటే ఆఫీసరుగా నియమితులైన రెండేళ్లకు కెప్టెన్ అవుతారు. నేవీలో కమాండర్ కావడానికే సుమారు 13 ఏళ్లు పడుతుంది. ఆపైన సెలక్షన్ బోర్డు దాటాలి, లేదంటే 26 ఏళ్ల సర్వీసు నిండే దాకా ఆగాలి. ఏడో వేతన సంఘం ప్రకారం ఆర్మీ కెప్టెన్ నెల మూల వేతనం 61,300 రూపాయలతో మొదలైతే, నేవీ కెప్టెన్‌ది 1,30,600తో మొదలవుతుంది.

ఇది తెలియక నేవీ లెఫ్టినెంట్ల అమ్మానాన్నలు "పక్కింటి అబ్బాయి అప్పుడే కెప్టెన్ అయ్యాడు, మావాడు ఇంకా లెఫ్టినెంటే" అని టెన్షన్ పడుతుంటారు. అక్కర్లేదండీ, ఇద్దరిదీ ఒకే హోదా. సన్మాన సభల్లో నేవీ కెప్టెన్‌ని ఆర్మీ మేజర్ తర్వాత కూర్చోబెట్టడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పిలిచేముందు భుజం మీద బంగారు పట్టీలు లెక్కపెట్టండి. లెఫ్టినెంట్‌కి రెండు, లెఫ్టినెంట్ కమాండర్‌కి ఆ రెండింటి మధ్య సన్నటిది ఇంకొకటి, కమాండర్‌కి మూడు, కెప్టెన్‌కి నాలుగు.

అపోహ: ఓడను కమాండ్ చేసే ఆఫీసర్ కచ్చితంగా కెప్టెన్ ర్యాంకు వాడే.

వాస్తవం: కమాండింగ్ ఆఫీసర్ ఏ ర్యాంకులో ఉన్నా, ఆ ఓడకు ఆయనే కెప్టెన్. డెక్ మీద అందరూ అలాగే అంటారు. 1971 డిసెంబరు 3 రాత్రి విశాఖ హార్బర్ నుంచి బయల్దేరి డెప్త్ చార్జీలు (నీటి అడుగున పేలే బాంబులు) వదిలిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కి కమాండింగ్ ఆఫీసర్ ఇందర్ సింగ్. ఆయన ర్యాంకు లెఫ్టినెంట్ కమాండరే. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఆ రాత్రే. అదే యుద్ధంలో డిసెంబరు 9న ఐఎన్ఎస్ ఖుక్రీతో పాటు ప్రాణాలొదిలిన మహేంద్రనాథ్ ముల్లా మాత్రం ర్యాంకులోనూ కెప్టెనే. సబ్‌మెరైన్లను సాధారణంగా కమాండర్లు నడుపుతారు. 2022లో నేవీలో చేరిన విక్రాంత్ లాంటి విమాన వాహక నౌకకైతే కెప్టెన్ పై ర్యాంకైన కమొడోర్ ఉంటారు. ఓడ ఎంత పెద్దదైతే ర్యాంకు అంత పెద్దది.

అపోహ: మర్చంట్ నేవీ కెప్టెన్ కూడా సైనికాధికారే.

వాస్తవం: కాదు. సరుకుల ఓడ నడిపే ఆయన సివిలియన్. కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం (డీజీ షిప్పింగ్) పరీక్షలు పాసై, ఓడను నడిపే అర్హత ఇచ్చే మాస్టర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఆయన భుజం మీదా నాలుగు పట్టీలుంటాయి కాబట్టి పెళ్లి సంబంధాల్లో ఈ తికమక బాగా వస్తుంది. ఏ కంపెనీ ఓడ అని అడగండి, అక్కడే తేలిపోతుంది.