కస్టమ్ లూప్‌లో పంపు, దాని కరెంటు: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌కు సొంతంగా వాటర్ కూలింగ్ (పైపుల్లో నీరు చుట్టూ తిరిగే లూప్) మొదటిసారి కట్టుకునేవాళ్లు చిప్పుల వేడిని నీటిలోకి లాగే బ్లాకులు, ఆ వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్లు రోజుల తరబడి వెతికి ఎంచుకుంటారు, పంపు మాత్రం చివర్లో ఏదో ఒకటి తీసుకుంటారు. రేడియేటర్ మీది ఒక ఫ్యాన్ ఆగిపోతే మిగతావి నెట్టుకొస్తాయి. పంపు ఆగితే నీరు కదలదు, బ్లాకులో ఉన్న కాస్త నీరు నిమిషాల్లో కాగిపోతుంది. అందుకే దీని విషయంలో తరచూ వినపడే పొరపాటు మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పంపు మీద గంటకు 1500 లీటర్లు అని ఉంటే, లూప్‌లో అంత నీరు తిరుగుతుంది.

వాస్తవం: అది ఏ అడ్డూ లేకుండా వదిలేసినప్పటి లెక్క. డీ5 అనే రకం పంపుకు రాసే గరిష్ఠ ప్రవాహం గంటకు 1500 లీటర్లు, గరిష్ఠ హెడ్ (నీటిని ఎంత ఎత్తుకు నెట్టగలదో ఆ లెక్క) దాదాపు 4 మీటర్లు. ఈ రెండూ ఎప్పుడూ ఒకేసారి దొరకవు. ప్రవాహం పూర్తిగా ఉన్నప్పుడు హెడ్ సున్నా, హెడ్ పూర్తిగా ఉన్నప్పుడు ప్రవాహం సున్నా. సీపీయూ బ్లాకులోని సన్నని రెక్కలు, 90 డిగ్రీల ఫిట్టింగులు, క్విక్ డిస్‌కనెక్టులు (పైపును సులువుగా ఊడదీసే జాయింట్లు) అన్నీ కలిసి నీటిని అడ్డుకుంటాయి. ఒక సీపీయూ బ్లాకు, ఒక గ్రాఫిక్స్ కార్డు బ్లాకు, రెండు రేడియేటర్లు ఉన్న లూప్‌లో నిమిషానికి 3 నుంచి 5 లీటర్లు తిరిగితే పంపు తన పని చక్కగా చేస్తున్నట్టే. దానికి ఒక డీ5 గానీ డీడీసీ అనే మరో రకం పంపు ఒకటి గానీ చాలు. డీడీసీ చిన్నది, 18 వాట్ల రకాలకు హెడ్ డీ5 కంటే ఎక్కువ. ఇరుకు కేసులకు, అడ్డు ఎక్కువగా ఉండే లూప్‌లకు అది నప్పుతుంది. కానీ అడుగున బాగా వేడెక్కుతుంది కాబట్టి హీట్‌సింకు పెట్టి గాలి తగిలేలా చూడాలి. డీ5 లోపలి నుంచి నీటితోనే చల్లబడుతుంది, ఆ గొడవ దానికి లేదు.

అపోహ: నీరు ఎంత వేగంగా తిరిగితే అంత చల్లదనం.

వాస్తవం: లెక్క వేసి చూస్తే తేలిపోతుంది. 400 వాట్ల వేడి, నిమిషానికి 3.8 లీటర్ల ప్రవాహం అనుకోండి. లూప్‌లో చల్లని చోటికీ వేడి చోటికీ మధ్య నీటి ఉష్ణోగ్రత తేడా ఒకటిన్నర డిగ్రీ. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే ఆ తేడా ముప్పావు డిగ్రీకి దిగుతుంది, అంతే. వేగం పెంచినకొద్దీ దక్కేది ఇంత కొంచెం, చప్పుడు మాత్రం బాగా పెరుగుతుంది. వేడిని బయటికి పంపేది రేడియేటర్, పంపు కాదు. అందుకే బ్లాకుల వరసను గురించి కూడా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రిజర్వాయర్ (నీరు నింపే ట్యాంకు) మాత్రం పంపుకు ముందు, దానికంటే పైన ఉండాలి.

అపోహ: కేసు ఎత్తుగా ఉంటే ఎక్కువ హెడ్ ఉన్న పంపు కావాలి.

వాస్తవం: నిండిన లూప్‌లో పైకెక్కే నీటికి, దిగే నీటి బరువు సరిపోతుంది. ఎత్తు అడ్డొచ్చేది మొదటిసారి నింపేటప్పుడు మాత్రమే.

అపోహ: నాలుగు పిన్నుల ప్లగ్గు ఉంది కదా, మదర్‌బోర్డ్ ఫ్యాన్ హెడర్‌కు (బోర్డు మీద ఫ్యాన్ ప్లగ్గు పెట్టే పిన్నులకు) పెట్టేస్తే సరి.

వాస్తవం: బోర్డులు కాలేది ఇక్కడే. మామూలు ఫ్యాన్ హెడర్ ఇచ్చేది 1 ఆంపియరు, అంటే 12 వాట్లు. డీ5 పూర్తి వేగంలో 23 వాట్ల దాకా లాగుతుంది, అంటే దాదాపు 2 ఆంపియర్లు. పంపు కోసమని రాసి ఉన్న హెడర్లు 2 లేదా 3 ఆంపియర్లు ఇవ్వవచ్చు. అది బోర్డును బట్టి మారుతుంది, మాన్యువల్‌లో అంకె చూడకుండా తగిలించకండి.

ముందు ప్లగ్గును చేతిలోకి తీసుకుని వైర్లు లెక్కపెట్టండి. పీడబ్ల్యూఎం డీ5కు (బోర్డు పంపే సంకేతంతో వేగం మార్చుకునే రకానికి) సాధారణంగా రెండు కేబుళ్లు ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటిచ్చే పెట్టె) నుంచి కరెంటు తెచ్చే మోలెక్స్ ప్లగ్గులో పసుపు వైరు 12 వోల్టులు, నలుపు గ్రౌండు. కరెంటంతా అక్కడి నుంచే వస్తుంది. రెండోది నాలుగు పిన్నుల ప్లగ్గే అయినా అందులో ఉండేవి రెండే వైర్లు: వేగాన్ని చెప్పేది ఒకటి, వేగాన్ని నియంత్రించేది ఒకటి. దాన్ని ఏ ఫ్యాన్ హెడర్‌కైనా నిశ్చింతగా పెట్టవచ్చు. ఆ ప్లగ్గులోనే 12 వోల్టుల వైరు కూడా ఉంటే మాత్రం, పంపు వాట్లు, హెడర్ వాట్లు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తర్వాత బయోస్‌లో (బోర్డు సెట్టింగులు మార్చే తెరలో) ఆ హెడర్‌ను డీసీ మోడ్ (వోల్టులు మార్చి వేగం మార్చేది) నుంచి పీడబ్ల్యూఎం మోడ్‌కు మార్చండి. వేగాన్ని సీపీయూ ఉష్ణోగ్రతకు ముడిపెట్టకుండా 60-70 శాతం దగ్గర స్థిరంగా ఉంచండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత సెకనులో ఎగిరిపడుతుంది, నీరు మాత్రం నిమిషాల మీద వేడెక్కుతుంది. ఆ ఎగుడుదిగుళ్ల వెంట పంపు పరుగెత్తితే వచ్చేది చప్పుడే.

అపోహ: మోలెక్స్ లేకపోతే, డిస్కులకు కరెంటిచ్చే సాటా ప్లగ్గు నుంచి మార్చే అడాప్టర్ ఏదైనా పనిచేస్తుంది.

వాస్తవం: ప్లగ్గులోకి వైర్లను పెట్టి ప్లాస్టిక్ పోసి మూసేసిన అడాప్టర్లు వద్దు. లోపల వైర్లు దగ్గరికి జరిగి, 12 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య షార్టయ్యి మండిన సందర్భాలున్నాయి. పిన్నులు విడివిడిగా క్రింప్ చేసి, వెనకనుంచి కనిపించే రకం తీసుకోండి. అంతకంటే మంచిది ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన సొంత మోలెక్స్ కేబుల్. వేరే ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ కేబుల్ (రెండు వైపులా ఊడొచ్చేది) మాత్రం ఎప్పుడూ వాడకండి. ప్లగ్గు సరిగ్గా కూర్చుంటుంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస వేరుగా ఉండి 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లవచ్చు.

అపోహ: నింపేటప్పుడు పంపు కాసేపు నీళ్లు లేకుండా తిరిగినా ఏం కాదు.

వాస్తవం: బేరింగుకు ఆ నీరే నూనె. డీ5లో తిరిగే భాగమంతా ఒక చిన్న గుండ్రని బేరింగు మీద నిలబడుతుంది. పొడిగా తిప్పితే అదే ముందు అరుగుతుంది.

నింపేముందు 24 పిన్నుల కేబుల్‌ను, సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు కేబుళ్లను తీసేసి, ఎస్‌ఎంపీఎస్‌కు పంపు ఒక్కటే ఉంచండి. 24 పిన్నుల ప్లగ్గుకు జంపర్ పెట్టండి. అది చేసేది ఆకుపచ్చ వైరు పిన్నును పక్కనున్న నల్ల వైరు పిన్నుతో కలపడమే. రిజర్వాయర్ నింపి, వెనక స్విచ్చు వేసి, నీటి మట్టం మూడో వంతుకు దిగేలోపే ఆపేయండి. మళ్లీ నింపి మళ్లీ వేయండి. మొదట్లో ఒక్కో విడతకు 3-5 సెకన్లకు మించి సమయం దొరకదు. కంకర కదిలినట్టు చప్పుడొస్తే లోపల గాలి ఉన్నట్టు. ఆపి, కేసును ముందుకూ వెనక్కూ వంచితే ఆ బుడగలు రిజర్వాయర్‌లోకి చేరతాయి. పంపు పాడైందని చాలామంది వెనక్కి పంపేది ఈ చప్పుడు విని.

అపోహ: రెండు పంపులు పెడితే ప్రవాహం రెట్టింపు.

వాస్తవం: ఒకదాని వెనక ఒకటి పెడితే హెడ్ కలుస్తుంది, ప్రవాహం కొంచెమే పెరుగుతుంది. అసలు లాభం, ఒకటి ఆగినా రెండోది నీటిని కదిలిస్తూ ఉండటం. ఆ లాభం దక్కాలంటే రెండింటికీ ఎస్‌ఎంపీఎస్ నుంచి వేర్వేరు కేబుళ్లు ఇవ్వాలి.

ఒకే పంపు ఉంటే, వేగం చెప్పే వైరును హబ్బుకు (చాలా ఫ్యాన్లను ఒకే హెడర్‌కు కలిపేదానికి) కాకుండా మదర్‌బోర్డ్ సీపీయూ ఫ్యాన్ హెడర్‌కు ఇవ్వండి. హబ్బు ఒక్క ఫ్యాన్ వేగాన్నే బోర్డుకు చెబుతుంది, అది పంపుది కాకపోవచ్చు. సీపీయూ ఫ్యాన్ హెడర్ మీద పంపు తిరగకపోతే, చాలా బోర్డులు మొదలవుతూనే హెచ్చరిస్తాయి.