"ఇంకా పెద్ద బ్రేక్ ఉందా అన్నా?": మజిల్ డివైస్‌ల అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య ఒకాయన తన ఏఆర్-15 రైఫిల్ తెచ్చి నా బెంచ్ మీద పెట్టాడు. "అన్నా, దీనికి ఇంతకన్నా పెద్ద బ్రేక్ ఉంటే పెట్టెయ్యండి" అన్నాడు. బ్రేక్ అంటే రీకాయిల్ (కాల్చగానే తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ) తగ్గించడానికి బ్యారెల్ మూతికి బిగించే ముక్క; ఇలా మూతికి బిగించేవాటినే మజిల్ డివైస్‌లు అంటారు. చూస్తే అప్పటికే దాని మూతికి మూడు గదుల బ్రేక్ ఉంది. ఎందుకయ్యా అంటే, "కిక్ తట్టుకోలేకపోతున్నాను. వంద గజాల్లో కూడా ఒకటి ఇటు, ఒకటి అటు పోతోంది" అన్నాడు.

అమెరికాలో తుపాకులు బాగుచేసే పనిలో ఉన్నాను. వారాంతాల్లో రేంజ్‌లో కొత్తవాళ్లకు నేర్పిస్తాను కూడా. ఈ మాట నెలకు మూడు నాలుగుసార్లు వింటాను. మనవాళ్లు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న ఇదే. అందుకే ఈ పోస్టు. ఎక్కువ భాగం ఈ ఒక్క అపోహకే పోతుంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: బ్రేక్ పెడితే అంతా లాభమే, పోయేదేమీ లేదు

బ్రేక్ రీకాయిల్ తగ్గిస్తుంది. అది అబద్ధం కాదు. బుల్లెట్ బయటపడ్డాక దాని వెనకే దూసుకొచ్చే గ్యాస్ బ్రేక్ గోడలకు కొట్టుకుని పక్కలకు, కొంచెం వెనక్కి మళ్లుతుంది. ఆ గోడల మీద పడే తోపు రైఫిల్‌ను ముందుకు లాగుతుంది కాబట్టి భుజం మీద దెబ్బ తగ్గుతుంది. బాగుంది. కానీ గ్యాస్ ఎక్కడికీ మాయం కాలేదు కదా, దారి మాత్రమే మారింది. ముందుకు పోవాల్సింది ఇప్పుడు మీ మొహం వైపు, మీ పక్కవాడి మొహం వైపు వస్తోంది.

ఎంత లాభం అన్నది లోపల ఎంత మందు కాలుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. .300 విన్ మ్యాగ్ అనే పెద్ద తూటాలో 70 గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) పైచిలుకు మందు ఉంటుంది. అక్కడ బ్రేక్ నిజంగా భుజాన్ని కాపాడుతుంది. ఏఆర్-15లో వాడే 5.56 తూటాలో ఉండేది సుమారు 25 గ్రెయిన్లు. పైగా ఏఆర్‌లో బోల్ట్ వెనక్కి వెళ్లడం, బఫర్ స్ప్రింగ్ నొక్కుకోవడం వల్ల ఆ కాస్త దెబ్బ కూడా సాగి మెత్తగా తగులుతుంది. అంటే ఉన్నదే తక్కువ రీకాయిల్. దాన్ని ఇంకా తగ్గించడానికి చెవులతో బేరం పెడుతున్నాం.

పోటీల్లో కాల్చేవాళ్ల సంగతి వేరు. ఒకదాని వెంట ఒకటి వేగంగా కాల్చేటప్పుడు గురి చూసే చుక్క (డాట్) కదలకుండా ఉండటం వాళ్లకు ముఖ్యం, బ్రేక్ అక్కడ పనికొస్తుంది. శనివారం పొద్దున రెండు మ్యాగజైన్లు కాల్చి ఇంటికెళ్లేవాళ్లకు దానితో పనేమిటి?

మరి ఆయనకు "కిక్" అనిపించింది ఏమిటి? చిన్న పరీక్ష పెట్టాను. ఆయన్ను అటు తిరగమని, మ్యాగజైన్‌లో ఐదు రౌండ్ల మధ్య పేలని డమ్మీ రౌండ్ ఒకటి కలిపి పెట్టాను. రెండు పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే "టక్" మంది, అంతే. కానీ బ్యారెల్ మూతి అంగుళంన్నర కిందికి దిగింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. పేలని రౌండ్‌కి రీకాయిల్ ఎక్కడిది! ఆయనే చూసుకుని నవ్వేశాడు. ఆయన భయపడుతున్నది దెబ్బకు కాదు, చప్పుడుకి, మొహానికి తగిలే గాలికి. ఆ రెండిటినీ పెంచేదే ఆయన ఇంకా పెద్దది కావాలంటున్న బ్రేక్.

అది తీసేసి మామూలు ఏ2 బర్డ్‌కేజ్ ఫ్లాష్ హైడర్ (మూతి దగ్గరి మంటను తగ్గించే, పంజరంలా చీలికలున్న చిన్న డివైస్) బిగించాను. అద్భుతం ఏమీ జరగలేదు, మొదటి మ్యాగజైన్ అంతా పాత అలవాటే. మూడో మ్యాగజైన్‌కి గ్రూప్ (లక్ష్యం మీద పడ్డ రంధ్రాల గుంపు) అరచేతిలో పట్టేంతకి వచ్చింది. "ఇది ఎక్కువ తంతోంది గానీ బాగుంది అన్నా" అన్నాడు. నిజంగానే కాస్త ఎక్కువ తంతుంది మరి.

ఇక చెవుల సంగతి. తుపాకీ చప్పుడు లాంటి క్షణకాలపు శబ్దాలకు చెవి భద్రత కోసం సాధారణంగా చెప్పే హద్దు 140 డెసిబెళ్లు. 5.56 రైఫిల్ దాన్ని ఎప్పుడో దాటేసి 155 నుంచి 165 మధ్య ఉంటుంది. కాల్చేవాడి చెవి దగ్గర బ్రేక్ దానికి ఇంకొన్ని డెసిబెళ్లు కలుపుతుంది. "కొన్నే కదా" అనకండి. మూడు డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు. కుడిచేతి వాటం వాళ్లు రైఫిల్ పట్టుకున్నప్పుడు ఎడమ చెవి మూతి వైపు తిరిగి ఉంటుంది, కుడి చెవిని తల కాస్త అడ్డుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి కాల్చినవాళ్లకు ముందు పోయేది ఎడమ చెవి.

నాదీ ఎడమదే. పన్నెండేళ్ల కిందట ఒక ఇండోర్ రేంజ్‌లో స్టూడెంట్ ఏదో అడుగుతుంటే వినపడక ఇయర్ మఫ్ ఒకవైపు ఇంత ఎత్తాను. సరిగ్గా అప్పుడే పక్క లేన్‌లో పొట్టి బ్యారెల్, దాని మీద బ్రేక్. ఒకే ఒక్క రౌండ్. గోడలు, పైకప్పు, అన్నీ తిప్పికొట్టాయి. ఆ రోజు చెవిలో చేరిన కీచురాయి ఇప్పటికీ కాపురం చేస్తూనే ఉంది. పగలు తెలియదు, రాత్రి లైటు ఆర్పగానే మొదలవుతుంది. అతనిది తప్పనను, అతను చేసింది నిబంధనలకు లోబడే. మఫ్ ఎత్తింది నేను.

అందుకే బ్రేక్ ఉన్న రైఫిల్ పక్కన నిలబడితే లోపల ఫోమ్ ప్లగ్, పైన మఫ్, రెండూ ఉండాలి. ప్లగ్ 30, మఫ్ 25 డెసిబెళ్లు తగ్గిస్తుందని డబ్బా మీద ఉంటే కలిపి 55 అని లెక్కేసేవాళ్లున్నారు. అలా కలవవు. ఎక్కువ రేటింగ్ ఉన్నదానికి ఓ ఐదు కలుపుకోండి, అంతే. అది కూడా ప్లగ్‌ను సన్నగా నలిపి, చెవి పైకి లాగి, లోపలిదాకా పెడితేనే. సగం బయటికి కనిపిస్తోందంటే మీరు పెట్టుకున్నది ప్లగ్ కాదు, కమ్మ.

"నిన్న కాల్చాను, చెవి గుయ్యిమంటోంది, పోయినట్టేనా?" అని కంగారుగా మెసేజ్‌లు పెట్టేవాళ్లకు: చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ వినికిడి ఒక్కసారిగా తగ్గినట్టనిపిస్తే ఆగకండి, వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. మోత రెండు రోజులు దాటినా అంతే. చూపించుకునేదాకా రేంజ్ వైపు వెళ్లకండి. చిట్కాలు చెప్పే వీడియోలు చూస్తూ కూర్చోకండి, దయచేసి.

అపోహ: ఫ్లాష్ హైడర్ ఉంటే ఎదుటివాడికి మంట కనపడదు

కనపడుతుంది. అది ముఖ్యంగా కాల్చేవాడి కళ్ల కోసం. చీకట్లో మీ మంట మీ కళ్లకే కొట్టి రెండో షాట్‌కి ఏమీ కనపడకుండా పోకూడదని. మొదట్లో ఎం16లకు మూడు కొమ్ముల హైడర్ ఉండేది, అది పొదల్లో, తీగల్లో చిక్కుకునేది. తర్వాత మూతి మూసిన బర్డ్‌కేజ్ వచ్చింది. ఏ2 రకంలో అడుగు వైపు చీలిక ఉండదు, పడుకుని కాల్చేటప్పుడు దుమ్ము లేవకుండా. ఆ మూసిన వైపు కిందకి ఉండాలి. పైకి పెట్టుకుని వచ్చి "మూతి ఎగురుతోంది" అన్నవాళ్లను చూశాను.

కాంపెన్సేటర్ అనే ఇంకో రకం గ్యాస్‌ను పైకి వదిలి మూతి ఎగరకుండా చూస్తుంది. లీనియర్ రకం చప్పుడును ముందుకు తోస్తుంది. మీ చెవికి, పక్కవాడికి కాస్త ఊరట, రీకాయిల్ మాత్రం అలాగే ఉంటుంది. ఇండోర్‌లో కాల్చేవాళ్లు దీని గురించి ఆలోచించవచ్చు.

అపోహ: సప్రెసర్ పెడితే చప్పుడే ఉండదు

సినిమా. చప్పుడు తగ్గించడానికి మూతికి బిగించే ఈ గొట్టం మంచిదైనా 20 నుంచి 30 డెసిబెళ్ల చిల్లర తగ్గిస్తుంది. పైగా బుల్లెట్ ధ్వనివేగాన్ని దాటి వెళ్లేటప్పుడు వచ్చే టపాకాయ చప్పుడును అది ఆపలేదు. ఫెడరల్‌గా ఇది 1934 నాటి చట్టం కిందకి వస్తుంది, రిజిస్టర్ కాకుండా చేతిలో ఉండకూడదు.

అపోహ: బ్రేక్ కలిపి 16 అంగుళాలు వస్తే చాలు

ఇది టెన్షన్ పెట్టే విషయమే, అందుకే కాస్త ఆగి చెబుతాను. రైఫిల్ బ్యారెల్ కనీసం 16 అంగుళాలు ఉండాలన్నది ఫెడరల్ నియమం. కొలిచేది మూసిన బోల్ట్ మొహం నుంచి మూతి దాకా. మరతో బిగించిన డివైస్ ఆ లెక్కలోకి రాదు, శాశ్వతంగా అతికించినదే వస్తుంది. అంటే 14.5 అంగుళాల బ్యారెల్‌కి డివైస్‌ను పిన్ వేసి వెల్డ్ చేయాలి, అది తెలిసినవాళ్ల చేత చేయించాలి. మీ బ్యారెల్ మొదటే 16 ఉంటే మాత్రం నిశ్చింతగా ఉండండి, డివైస్ విప్పినంత మాత్రాన ఫెడరల్‌గా ఏ తప్పూ జరగదు.

కొన్ని సెమీ ఆటో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో రౌండే కాల్చే) తుపాకులపై 1994 నాటి ఫెడరల్ నిషేధంలో ఫ్లాష్ సప్రెసర్ (అంటే ఫ్లాష్ హైడరే) కూడా ఒక అంశం, ఆ చట్టం 2004లో ముగిసిపోయింది. దాన్ని పట్టుకుని "ఇప్పుడు అన్నిచోట్లా ఓకే" అనేవాళ్లను నమ్మకండి. కాలిఫోర్నియాలో డిటాచబుల్ మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటో సెంటర్‌ఫైర్ రైఫిల్‌కి ఫ్లాష్ సప్రెసర్ పెడితే చిక్కే. న్యూయార్క్ 2013 చట్టం బ్రేక్‌ను కూడా నిషేధ జాబితాలో చేర్చింది. కాకపోతే ఆపే బ్రేక్‌కి బదులు విరిగే బ్రేక్ స్పెల్లింగ్ రాశారు, అది కోర్టు దాకా వెళ్లింది. మన లిపిలో రెండూ ఒకటే కాబట్టి మనకు ఆ గొడవ లేదు. వీసా మీద ఉన్నవాళ్లకైతే అసలు తుపాకీ ఉంచుకోవడానికే ఫెడరల్ చట్టం చాలావరకు ఒప్పుకోదు, మినహాయింపులు కొన్నే. ముందు లాయర్‌ని అడగండి, బ్రేక్ సంగతి తర్వాత.

అపోహ: మర పట్టిందంటే సరిపోయినట్టే

ఇది తక్కువమంది చేసే తప్పే గానీ ప్రమాదకరమైంది. 5.56కి మామూలుగా 1/2-28 థ్రెడ్ (అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు), .308కి 5/8-24. బాగానే ఉంది. కానీ చాలా 9 ఎంఎం బ్యారెళ్లకూ 1/2-28 థ్రెడే ఉంటుంది. 5.56 డివైస్ దానికి హాయిగా ఎక్కుతుంది. లోపలి రంధ్రం మాత్రం 9 ఎంఎం బుల్లెట్‌కి పట్టదు. థ్రెడ్ కాదు, డివైస్ మీద రాసి ఉన్న క్యాలిబర్ చూడండి. ఏకే-47 రకం రైఫిళ్లలో చాలావాటికి ఎడమ మర ఉంటుంది, బలవంతంగా కుడికి తిప్పి థ్రెడ్లు నాశనం చేసుకోకండి. డివైస్ కింద నలిగి బిగుసుకునే క్రష్ వాషర్ ఒక్కసారికే, విప్పితే కొత్తది వేయాలి. సప్రెసర్ మౌంట్ కింద దాన్ని అసలు వాడొద్దు, నిటారుగా కూర్చోకపోతే బుల్లెట్ లోపల తగులుతుంది.

చివరగా, మొదట చెప్పినాయన వారం తర్వాత ఫోన్ చేశాడు. గొంతులో కంగారు. "అన్నా, బ్యారెల్ పాడైంది, అన్నీ కుడికి పడుతున్నాయి." గ్రూప్ ఎలా ఉందంటే, "గ్రూప్ బాగానే ఉంది, మొత్తం అంగుళంన్నర పక్కకి జరిగింది" అన్నాడు. మూతి మీద బరువు మారితే బ్యారెల్ అదిరే తీరు మారుతుంది, జీరో (గురి పెట్టిన చోటే తగిలేలా సరిచేసుకున్న అమరిక) జరుగుతుంది. ఆ రోజు హడావిడిలో జీరో చూసుకోమని చెప్పడం నేనే మరిచాను. ఆయనవి పావు ఎంఓఏ క్లిక్కులు, అంటే వంద గజాల్లో ఒక్కో క్లిక్కుకి దాదాపు పావు అంగుళం. ఆరు క్లిక్కులు ఎడమకి తిప్పమన్నాను.