ఇంటి ముందు ఫుట్‌పాత్ ఎవరి ఖర్చు? మోరీ బండతో మొదలైన లెక్క

నల్గొండ ప్రకాశం బజారులో నడిచినా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ పక్క గల్లీల్లో నడిచినా ఫుట్‌పాత్ అంటూ వేరే కనబడేది తక్కువ. మోరీ (మురుగు కాల్వ) మీద పరిచిన బండలే ఫుట్‌పాత్. ఒక దుకాణం ముందు షాబాద్ బండ, పక్కింటి ముందు సిమెంటు స్లాబు, ఆ పక్కన ఏమీ లేక తెరిచిన మోరీ. ఎవరి ముందు వాళ్లు వేసుకున్నవి ఇవి. విరిగితే ఎవరు వేయాలన్న దగ్గర ఇంటి ఓనరుకూ మున్సిపాలిటీకీ పేచీ మొదలవుతుంది. ఆ పేచీకి పాత చట్టంలోనే వేళ్లున్నాయి.

తెలంగాణ పట్టణాల్లో 2019 దాకా నడిచింది 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. దాని ప్రకారం పబ్లిక్ వీధి అంటే నడిమి రోడ్డు ఒక్కటే కాదు, పక్కన కాలిబాట, మోరీ కూడా అందులో భాగమే. అవి మున్సిపాలిటీ ఆస్తి. ఇంటిపన్నులోనూ సాధారణ పన్నుతో పాటు నీళ్లు, మురుగునీటి పారుదల, వీధిదీపాలు, పారిశుద్ధ్యం అని పద్దులుండేవి. కాబట్టి ‘మోరీ కోసం పన్ను కడుతూనే ఉన్నాం, మళ్లీ ఎందుకు కట్టాలె’ అని అడిగే ఇంటాయన మాటలో న్యాయముంది.

అయితే అదే చట్టం ప్రైవేటు వీధికి వేరే దారి పెట్టింది. వీధిని చదును చేసి, మోరీ కట్టి, రాయి పరచమని ఇరుపక్కల ఓనర్లకు మున్సిపాలిటీ నోటీసు ఇవ్వవచ్చు. వాళ్లు చేయకపోతే తానే చేయించి, ఎవరి జాగా వీధి వైపు ఎంత పొడవుంటే అంత లెక్కన ఖర్చు రాబట్టవచ్చు. పని పూర్తయ్యాక దాన్ని పబ్లిక్ వీధిగా ప్రకటించే ఏర్పాటూ అందులో ఉంది. పట్టణాలు పెరిగింది ఎక్కువగా ఈ రెండో రకం వీధులతోనే. ఊరి చుట్టూ చల్క (ఎర్రనేల) చేన్లు వెంచర్లయ్యాయి, హద్దురాళ్లు పాతి ప్లాట్లు అమ్మేశారు, రోడ్డు మాత్రం కాగితం మీద మిగిలింది. అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణ (ఎల్ఆర్ఎస్) ఫీజు, బెటర్‌మెంట్ చార్జీలు (రోడ్లు, మోరీల వంటి వసతుల కోసం వసూలు చేసేవి) కట్టిన వాళ్లు తమ వాటా ముందే ఇచ్చేసినట్టే. ఆ సంగతి రసీదులోనే ఉంటుంది. ఆ రసీదు జాగ్రత్తగా పెట్టుకోవాలి.

వాటా పద్ధతి జనం నోట్లో నానింది 1997 జనవరిలో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం జన్మభూమితో. కాలనీ వాళ్లు కొంత జమ చేస్తే మిగతాది ప్రభుత్వం కలిపి సీసీ రోడ్డు, మోరీ వేసేది. పనులు కదిలిన మాట నిజమే. కానీ ఆ ఒప్పందం కట్టడానికే, మరమ్మతుకు కాదు. పదేళ్ల తర్వాత స్లాబు విరిగితే ఎవరు వేయాలో ఎక్కడా రాసుకోలేదు. జమ చేయగలిగిన కాలనీకి రోడ్డు ముందు వచ్చింది, రోజుకూలి గల్లీ ఆగింది. ఇకపై ఏ వాటా పద్ధతి తెచ్చినా ఈ లోటు మళ్లీ రాకూడదు.

పైసలు లేవన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో తేల్చింది. మోరీలు కట్టడం మున్సిపాలిటీ బాధ్యత, నిధుల కొరత దాన్ని తప్పించదు అన్నది ఆ తీర్పు సారం. 2025 మే 14న అదే కోర్టు, నడవడానికి ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనంది. నిధుల ఇరుకు మాత్రం నిజం. 15వ ఆర్థిక సంఘం 2021-26కి చిన్న పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని కట్టేశారు. ఆ గ్రాంటులో ఫుట్‌పాత్‌కు చోటు మిగిలిన 40 శాతంలోనే.

వాటా తేల్చాలంటే ముందు ఎందుకు పాడయిందో చూడాలి. షాబాద్ బండ మనుషుల్నీ మోటర్‌సైకిల్‌నూ మోస్తుంది. పక్కన ఇల్లు కడుతుంటే ఇసుక ట్రాక్టరు వెనక చక్రం ఎక్కిందా, నడిమికి విరుగుతుంది. సిమెంటు స్లాబుది వేరే కథ. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉంటే 150 కిలోలు తూగుతుంది. మోరీ తీసే కార్మికులు గడ్డపారతో ఒక మూల లేపుతారు, అక్కడే పెచ్చు ఊడుతుంది. ఇనుప చువ్వలు స్లాబు అడుగు వైపు ఉండాలి. పూడిక తీశాక దాన్ని తలకిందులుగా వేస్తే చువ్వలు పైకొస్తాయి, మొదటి బరువుకే అడుగున పగులు పడుతుంది. పొడవు సగానికి తగ్గించి, పై వైపు రెండు కొక్కేలు పోస్తే 75 కిలోలను ఇద్దరు లేపుతారు, తలకిందులు కావడానికీ వీలుండదు.

పేవర్ బ్లాకులు (నేల మీద పరిచే సిమెంటు ఇటుకలు) కుంగేది ఎక్కువగా అంచు దగ్గర. అంచును పట్టి ఉంచే కర్బ్ రాయి లేకపోతే చివరి వరుస జరిగి, కింది ఇసుక మోరీలోకి జారుతుంది. నల్లా కోసం తవ్విన గుంతను ఒకేసారి మట్టితో నింపితే తొలి వానకే గాడి పడుతుంది. 15 సెంటీమీటర్లకో పొర వేసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. చల్క నేల అలా కూర్చుంటుంది. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, కాబట్టి అది తీసేసి మొరం నింపాలి.

ఇక పాత రోడ్డు తవ్వకుండా మీదనే 15 సెంటీమీటర్ల సీసీ పోస్తే ఇళ్లు గుంతలో పడతాయి. వాన నీళ్లు గేటులోకి వస్తుంటే ఓనరు గేటు ఎత్తు పెంచి, రోడ్డు మీదికి ర్యాంపు పోస్తాడు. గేటు 30 సెంటీమీటర్లు ఎత్తుంటే, 12కి 1 వాలు లెక్కన ర్యాంపుకు 3.6 మీటర్లు కావాలి. ఇరవై అడుగుల గల్లీలో అది సగానికి పైగా దారి తినేస్తుంది. ర్యాంపు కాంపౌండు లోపలే ఉండాలి. అయితే ఇక్కడ మొదటి తప్పు రోడ్డు ఎత్తు పెంచిన వాళ్లది.

అందుకే వాటాను శాతాలతో కాక కారణంతో పంచడం మేలు. పునాది, మోరీ గోడ, నడక స్లాబు, రోడ్డు ఎత్తు వల్ల వచ్చిన నష్టం మున్సిపాలిటీవి. గేటు ముందు బండి ఎక్కే భాగం, నల్లా కోత, కట్టుబడి ట్రాక్టరు విరిచిన స్లాబు ఆ ఇంటివి. గేటు ముందు 80 మిల్లీమీటర్ల ఎం-40 (కాంక్రీటు గట్టిదనం గ్రేడు) బ్లాకు, మిగతా నడకదారికి 60 మిల్లీమీటర్లది సరిపోతుంది.

30 అడుగుల, అంటే దాదాపు 9 మీటర్ల ముందుభాగానికి 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వేస్తే 16.2 చదరపు మీటర్లు. 20×10 సెంటీమీటర్ల బ్లాకులు 810 పడతాయి, విరిగేవి కలిపి 850 తెప్పించాలి. కింద 10 సెంటీమీటర్ల 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు 1.6 ఘనమీటర్లు, సిమెంటు ఐదారు బస్తాలు. దానిపై 3 సెంటీమీటర్ల ఇసుక అర ఘనమీటరు. వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు, మోరీ వైపు.

డబ్బు మాట ఎత్తే ముందు మున్సిపాలిటీలో రెండు అడగాలి. మన వీధి పబ్లిక్ వీధుల రిజిస్టరులో ఉందా? ఈ పని చివరిసారి చేసిన కాంట్రాక్టరు మరమ్మతు గడువు ముగిసిందా? గడువు లోపలైతే ఖర్చు ఇంటిదీ కాదు, మున్సిపాలిటీదీ కాదు, కాంట్రాక్టరుది. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో టెండరు షరతులు, మెజర్‌మెంట్ బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఆ వీధి పేజీలు అడగవచ్చు. స్లాబు మందం ఎంత రాశారో అందులో ఉంటుంది. విరిగిన ముక్క మీద టేపు పెట్టి సరిచూసుకోవచ్చు.