నెలలు నిండినా నిండని ఊపిరితిత్తులు

ఏడో నెలలో పుట్టిన బిడ్డ దక్కుతాడు గానీ ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ దక్కడని కోనసీమ పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఈ నమ్మకం మన ప్రాంతానికే పరిమితం కాదు. ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లో కూడా ఎనిమిదో నెల బిడ్డ గురించి ఇలాంటి మాటే ఉంది. అయితే ఇది నిజం కాదు. మిగిలిన పరిస్థితులన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డ, ఎనిమిదో నెల బిడ్డ కంటే తొమ్మిదో నెల బిడ్డ బతికే అవకాశం ఎక్కువ. అందుకు ప్రధాన కారణం ఊపిరితిత్తులు. గుండె రెండో నెలలోనే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఊపిరితిత్తులు మాత్రం కాన్పు దగ్గర పడేదాకా తయారవుతూనే ఉంటాయి, ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి తయారవుతాయి. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. మన ఇళ్లలో బాలింతకూ పసిబిడ్డకూ చేసే ఉపచారాలను ఈ సంగతి తెలిసిన తరువాత కొత్తగా చూడవలసి వస్తుంది.

పిండం ఏర్పడిన నాలుగో వారంలో, ముందుముందు ఆహారనాళం కాబోయే గొట్టం ముందువైపు నుంచి ఒక చిన్న మొగ్గ పుట్టుకొస్తుంది. అది రెండుగా చీలి, కుడివైపు మూడు తమ్మెలుగా, గుండెకు చోటు వదలవలసిన ఎడమవైపు రెండు తమ్మెలుగా పెరుగుతుంది. ప్రతి కొమ్మ చివరా మళ్లీ చీలుతుంది. ఎటు పెరగాలో ఆ కొమ్మకు చెప్పేది దాని చుట్టూ ఉన్న మెత్తని కణజాలమే. అది ఎఫ్‌జీఎఫ్-10 అనే ప్రోటీన్‌ను ఎక్కడ విడుదల చేస్తే అటువైపు గొట్టం కొన సాగుతుంది. ఈ జన్యువును తొలగించిన ఎలుకల్లో శ్వాసనాళం ఏర్పడింది గానీ, దాని దిగువన ఊపిరితిత్తులు ఏర్పడనే లేదు.

ఈ అమరికను డెల్టా రైతు సులువుగానే ఊహించుకోగలడు. ధవళేశ్వరం దగ్గర బయలుదేరిన ప్రధాన కాలువ బ్రాంచి కాలువలుగా, అవి పంట కాలువలుగా, చివరికి చేను గట్టున పారే బోదెలుగా విడిపోయినట్టు, పెద్దవారి ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు సుమారు 23 అంచెలుగా విడిపోతాయి. వాటిలో మొదటి 16 అంచెలు గాలిని చేరవేయడానికే పనికివస్తాయి. ఆ కాలువలన్నీ తవ్వడం గర్భంలో 16, 17 వారాలు వచ్చేసరికి దాదాపు పూర్తవుతుంది. అటుపైన అవి పొడవూ వెడల్పూ పెరుగుతాయే తప్ప కొత్తవి పుట్టవు. అయితే ఆ కాలువలు చేరవలసిన చేలు, అంటే గాలికీ రక్తానికీ ఇచ్చిపుచ్చుకోలు జరిగే చోటు, అప్పటికి ఇంకా సిద్ధం కాలేదు.

ఆ పని తరువాతి నెలల్లో సాగుతుంది. గొట్టాల చివర్లు పలచబడి, వాటిని ఆనుకొని సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి. 24 వారాలు దాటాక ఆ చివర్లు చిన్న తిత్తులుగా విచ్చుకుంటాయి. ఇంతకాలమూ ఊపిరితిత్తుల నిండా ద్రవమే ఉంటుంది. అది బయటినుంచి వచ్చిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తులు తామే ఊరించి, కొంత ఉమ్మనీటిలోకి వదిలే ద్రవం. గర్భంలోని బిడ్డ ఛాతీని ఆడిస్తూ ఊపిరి పీల్చే కదలికలు కూడా చేస్తుంది. లోపలి ద్రవం ఒత్తిడి, ఈ కదలికలు, చుట్టూ తగినంత ఉమ్మనీరు ఉంటేనే ఊపిరితిత్తులు సాగి పెరుగుతాయి. నాలుగైదు నెలల సమయంలో ఉమ్మనీరు బాగా తగ్గిపోతే అవి చిన్నవిగా ఉండిపోతాయి. స్కానింగ్‌లో ఉమ్మనీటిని అంత శ్రద్ధగా కొలవడానికి ఇదొక కారణం.

ఇక ఎనిమిదో నెల ప్రశ్నకు జవాబు సర్ఫాక్టెంట్ అనే పదార్థంలో ఉంది. తిత్తుల లోపలి గోడ తడిగా ఉంటుంది. తడి పొరకు కుంచించుకుపోయే గుణం ఉంది కాబట్టి, ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ చిన్న తిత్తులు మూసుకుపోవాలి. తిత్తి ఎంత చిన్నదైతే దాన్ని తెరిచి ఉంచడానికి అంత ఎక్కువ ఒత్తిడి కావాలి. అలా మూసుకుపోకుండా ఆపేది ప్రధానంగా కొవ్వుతోనూ, కొద్దిపాటి ప్రోటీన్లతోనూ కూడిన ఈ సర్ఫాక్టెంట్ పూత. దీన్ని తయారుచేసే కణాలు ఆరో నెలలో కనిపిస్తాయి. కానీ అవసరానికి సరిపడా పూత సాధారణంగా 34, 35 వారాలకు గానీ తయారుకాదు. అంతకు ముందే పుట్టిన బిడ్డను దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ముక్కుపుటాలు ఎగురుతాయి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటపడుతుంది, వదిలేటప్పుడు సన్నని మూలుగు వినిపిస్తుంది. డొక్కలెగరేస్తున్నాడని మన అమ్మమ్మలు అనేది ఇలాంటి స్థితినే. ఆ మూలుగు ఏడుపు కాదు. గొంతును సగం మూసి, లోపలి గాలి పూర్తిగా జారిపోకుండా బిడ్డ చేస్తున్న ప్రయత్నం.

ఈ జబ్బుకు మూలం సర్ఫాక్టెంట్ లోపమేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెర్ మీడ్ అనే అమెరికన్ వైద్యులు చూపించారు. అయినా చికిత్స వెంటనే రాలేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు పాట్రిక్, ఆనాటి అత్యుత్తమ వైద్యం అందినా, రెండు రోజులైనా బతకలేదు. మార్గం చూపింది న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగిన్స్. స్టెరాయిడ్ ఇచ్చిన గొర్రెపిల్లలు, బతకలేనంత ముందుగా పుట్టి కూడా, ఊపిరి పీల్చుకోవడం ఆయన గమనించారు. 1972లో రాస్ హౌవీతో కలిసి ప్రచురించిన పరిశోధనలో, కాన్పుకు ముందు తల్లులకు స్టెరాయిడ్ ఇస్తే బిడ్డల్లో ఈ జబ్బు 25.8 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. గొప్ప ఫలితమే అయినా, ప్రపంచం దాన్ని వాడుకలోకి తెచ్చుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఈ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మన దేశంలో 2014 నాటి కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం, 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వస్తే గర్భిణికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి నాలుగు ఇంజెక్షన్లు ఇవ్వాలి. మొదటి మోతాదు ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం కూడా ఇచ్చి పెద్దాసుపత్రికి పంపవచ్చు. మందు పడి ఒక రోజు గడిస్తే ఫలితం బాగా ఉంటుంది. పడవ మీద పాయ దాటి, అక్కడినుంచి అమలాపురమో కాకినాడో చేరవలసిన లంక గ్రామాల గర్భిణి విషయంలో, ఆ మొదటి ఇంజెక్షన్ బయలుదేరేముందే పడటానికి ఎంత విలువ ఉందో వేరే చెప్పనక్కరలేదు.

కాన్పు గడియల్లో మరో పెద్ద మార్పు జరుగుతుంది. నొప్పుల సమయంలో బిడ్డ శరీరంలో పెరిగే అడ్రినలిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో, ఇన్నాళ్లూ ద్రవాన్ని ఊరించిన కణాలే దాన్ని తిరిగి పీల్చుకోవడం మొదలుపెడతాయి. తొలి ఊపిరితో తిత్తులు తెరుచుకుంటాయి, అప్పటిదాకా ఊపిరితిత్తులను తప్పించుకుపోయిన రక్తంలో అధిక భాగం వాటిలోకి మళ్లుతుంది. నొప్పులు రాకుండానే ఆపరేషన్ చేస్తే ఈ ద్రవం ఇంకడం ఆలస్యమై, బిడ్డ కొన్ని గంటలో, రెండు మూడు రోజులో వేగంగా ఊపిరి తీయవచ్చు. అందుకే వైద్య అవసరం లేనప్పుడు 39 వారాలలోపు ఆపరేషన్ పెట్టుకోవద్దని వైద్యులు చెబుతారు. మంచి నక్షత్రం చూసి 37వ వారంలోనే ముహూర్తం పెట్టించే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. ఆ రెండు వారాలు బిడ్డ ఊపిరితిత్తులవి. వాటిని తీసేసుకునే హక్కు పంచాంగానికి లేదని నా దృఢమైన అభిప్రాయం.

నెలలు నిండి పుట్టిన బిడ్డకైనా ఊపిరితిత్తులు పూర్తి కావు. పెద్దవారిలో వాయుకోశాలు, అంటే గాలికీ రక్తానికీ ఇచ్చిపుచ్చుకోలు జరిగే చిన్న గదులు, సగటున 48 కోట్లు ఉంటాయని 2004లో లెక్కగట్టారు. పుట్టిన నాటికి ఉండేవి అందులో కొద్ది వంతు మాత్రమే. తిత్తుల గోడల నుంచి సన్నని మడతలు లేచి, ఒక్కో తిత్తిని అనేక వాయుకోశాలుగా విభజిస్తాయి. మొదటి రెండు మూడేళ్లలో ఈ పని అతివేగంగా సాగుతుంది. మొదట గోడకు రెండు వైపులా ఉన్న రక్తనాళాల రెండు పొరలు ఒక్కటై, గోడ పలచబడుతుంది. ఎనిమిదేళ్లకు ఇదంతా ముగుస్తుందని చాలాకాలం అనుకున్నారు. కానీ 2012లో లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, పీల్చిన హీలియం వాయువు సాయంతో ఏడేళ్ల నుంచి ఇరవై ఒక్క ఏళ్ల వారి ఊపిరితిత్తులను ఎమ్మారైలో పరిశీలించినప్పుడు, ఊపిరితిత్తి పరిమాణం పెరుగుతున్నా వాయుకోశం పరిమాణం దాదాపు మారలేదు. అంటే కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

ఈ నిర్మాణమంతా ఇంట్లో ఉన్న గాలిలోనే జరగాలి. పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోశాక, మట్టి మూకుడులో కొబ్బరి చిప్పల నిప్పులు పోసి, సాంబ్రాణి పొడి చల్లి, తల ఆరడానికి బిడ్డను ఆ తెల్లటి పొగ మీదకు వంచుతారు. ప్రేమతో చేసే పనే. కానీ నెలల బిడ్డ నిమిషానికి 40 సార్లకు పైగా ఊపిరి తీస్తుంది, ఆ పొగలోని సన్నని నుసి నేరుగా కొత్తగా లేస్తున్న ఆ మడతల దాకా వెళుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే తల ఆరుతుంది. తలుపులు మూసిన గదిలో రాత్రంతా వెలిగే దోమల చక్రం, వరండాలో తాతగారు కాల్చే లంక పొగాకు చుట్ట కూడా ఈ కోవలోవే; వాటి బదులు దోమతెర కట్టడం, చుట్టను ఇంటికి దూరంగా పెట్టించడం కుదిరే పనులే. వంట గ్యాస్ మీదకు మారిన ఇళ్లలో సైతం, బాలింతకు నీళ్లు కాచే పొయ్యిలో కొబ్బరి మట్టలూ డొక్కలూ మండుతుంటాయి. గర్భిణులు పీల్చిన వంటచెరకు పొగకూ, పుట్టిన బిడ్డల ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడానికీ సంబంధం ఉందని ఘనా దేశంలో జరిగిన పరిశోధనల్లో తేలింది. మరోవైపు, దక్షిణ కాలిఫోర్నియాలో గాలి శుభ్రపడిన కొద్దీ అక్కడి 11 నుంచి 15 ఏళ్ల పిల్లల ఊపిరితిత్తులు ముందు తరాల పిల్లల కంటే మెరుగ్గా పెరిగాయని 2015లో వెల్లడైంది. నీళ్ల పొయ్యిని బాలింత గది కిటికీ పక్కనుంచి పెరటి చివరకు, గాలివాటుకు అవతలి వైపుకు మార్చడానికి ఖర్చేమీ కాదు. తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి వచ్చేలోగా చేసుకోవచ్చు.