పుండు మానింది కదా, ఇంక టెస్టెందుకు?

తిరుపతిలో సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మా గదికి చిత్తూరు, పలమనేరు వైపు నుంచి వస్తారు. తిరుపతి వాళ్లేమో రాయవేలూరు బస్సెక్కుతారు. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని భయం. ఆ భయంతో పోయే రోజులే మనిషికి ఎక్కువ చేటు చేస్తాయి. అందుకే రోజూ వినే మాటలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

"పుండు దానంతటదే మానిపోయింది, జబ్బు పోయినట్టే."

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే మాట ఇదే. ఆనవాళ్లు మార్చి ఒకరి సంగతి చెప్తాను. కొండకు కారు తోలే డ్రైవరు, ముప్పై ఏళ్లుంటాయి. అరచేతులు చాపి చూపించాడు. రాగిరంగు మచ్చలు, దురద లేదు. స్టీరింగ్ పట్టుకోవడం వల్ల వచ్చాయనుకున్నాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు: రెండు నెలల కిందట మర్మాంగం మీద చిన్న పుండు లేచింది, నొప్పి లేదు, అంచు గట్టిగా ఉండింది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ పూస్తే మానిపోయిందట.

మాన్పింది ఆయింట్‌మెంట్ కాదు. సిఫిలిస్ పుండు ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. క్రిమి మాత్రం రక్తంలోనే ఉంటుంది. తర్వాత ఇలా అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలు రావచ్చు, అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా ఉండి, కొందరికి గుండెనూ మెదడునూ దెబ్బతీస్తుంది. మన పెద్దవాళ్లు సవాయి అని భయపడింది దీనికే. తొలిదశలో పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల బెంజాథిన్ పెన్సిలిన్ ఒక్క డోసు చాలు.

అతని భార్యకు ఐదో నెల. "మా ఇంటామెకు మూడో నెలలో అన్ని టెస్టులూ చేసినారు మేడమ్, ఏమీ లేదన్నారు" అన్నాడు. ఆ టెస్టు తర్వాత సోకితే ఆ రిపోర్టుకు తెలిసేదెట్లా? ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాం. ఆమె అడిగింది ఒకటే: "బిడ్డకేం కాదు కదా?" ఆమెకూ మళ్లీ టెస్టు చేయించి, అదే రోజు పెన్సిలిన్ ఇప్పించాం. గర్భిణికి సిఫిలిస్ ఉండి వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, జబ్బుతో పుట్టవచ్చు.

"వారం కిందట జరిగింది. ఇవాళ నెగెటివ్ వచ్చింది, నిశ్చింత."

లేదు. మా దగ్గర చేసే హెచ్ఐవీ ర్యాపిడ్ టెస్టు చూసేది యాంటీబాడీలను, అంటే క్రిమిని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునే వాటిని. అవి తయారవడానికి టైం పడుతుంది కాబట్టి మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్‌ఎల్ కూడా పుండు లేచిన తొలిరోజుల్లో నెగెటివ్ రావచ్చు. ఇంకో మాట, రక్షణ లేకుండా కలిసి 72 గంటలు దాటకపోతే హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులున్నాయి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, అత్యవసర విభాగానికి వెళ్లి అడగండి.

"రక్తపరీక్ష చేస్తే అన్నీ తెలిసిపోతాయి."

హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి రక్తంలో తెలుస్తాయి, అదీ వేటి టెస్టు వాటికే. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులకు మూత్రమో స్వాబో (దూదిపుల్లతో తీసే నమూనా) కావాలి. మామూలు మూత్రపరీక్షకు మధ్యధార పట్టమంటారు. దీనికి మాత్రం మొదట వచ్చేదే పట్టాలి, అంతకు ముందు కనీసం గంటసేపు మూత్రానికి పోకూడదు. ఇది తెలియక మధ్యధార పట్టి తెచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో. మర్మాంగాల మీద వచ్చే పులిపిర్లకు రక్తపరీక్ష లేదు, డాక్టరు కంటితో చూసి చెప్తారు.

"మూత్రంలో మంటా? వేడి చేసిందిలే."

మన ఎండలకు నీళ్లు తక్కువైతే మంట రావడం నిజమే. కానీ చీములా కారి లోదుస్తులకు మరకవుతుంటే అది వేడి కాదు, గనేరియాలాంటి జబ్బు కావచ్చు, మజ్జిగకూ సబ్జాగింజలకూ తగ్గదు. ఆడవాళ్లలో చాలామందికి ఆ మంటా ఉండదు. తెలియకుండానే గర్భనాళాలు మూసుకుపోయి, పిల్లలు కాలేదని తిరిగేటప్పుడు బయటపడుతుంది. అట్లాగని తెల్లబట్ట అయ్యే ప్రతి అమ్మాయినీ అనుమానించడం ఘోరం. అది చాలాసార్లు సహజమే, సుఖవ్యాధులతో సంబంధం లేని ఇన్ఫెక్షన్లూ ఉంటాయి.

"సూదులేసుకున్నా ఇంకా పాజిటివ్ వస్తోంది."

కువైట్ పనికి పోయేముందు మెడికల్ టెస్టుకు వెళ్లేవాళ్లు దీనికి బెంబేలెత్తుతారు. సిఫిలిస్‌కే చేసే ఇంకో రక్తపరీక్ష టీపీహెచ్ఏ ఒకసారి పాజిటివ్ అయితే జబ్బు నయమైనా చాలామందిలో జీవితాంతం అలాగే ఉంటుంది. చూడాల్సింది వీడీఆర్‌ఎల్ అంకె. 1:32 నుంచి 1:8కి, అంటే నాలుగో వంతుకు దిగితే మందు పనిచేసినట్టు. పాత రిపోర్టులు పారేయకండి.

"టెస్టు చేయించుకుంటే ఊరంతా తెలిసిపోతుంది."

2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా టెస్టు చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల విభాగం ఉంది. చిత్తూరు వాళ్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనే అడగవచ్చు. హెచ్ఐవీ టెస్టుకు డబ్బు కట్టక్కర్లేదు. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే 1097కు చేయండి, తెలుగులోనే చెప్తారు.