గ్లాసులో మట్టిపెళ్ళ

అనంతపురం నుంచి ఒకాయన అడిగారు: "మాకు ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు పడినా వేరుశనగ ఎండిపోతోంది, స్పెయిన్‌లో 300కే బాదం తోటలు పెంచుతున్నారట, ఏమిటండీ ఆ కిటుకు?"

సగం కిటుకు వాతావరణానిదే. మధ్యధరా ప్రాంతంలో వానలు చల్లటి నెలల్లో పడతాయి కాబట్టి ఆవిరయ్యేది తక్కువ. మిగతా సగం మట్టిది, నాకు ఇష్టమైంది అదే.

ఆగ్నేయ స్పెయిన్‌లో అల్మేరియా, గ్రనాడా, ముర్సియాల మెట్ట రైతులు 2015లో అల్వెలాల్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కలే లా హుంకేరా అనే 1,100 హెక్టార్ల పొలంలో నేలని బాగుచేసే సాగు నేర్పుతారు. ఇలాంటి పొలంబడుల్లో నలభై స్లైడ్ల కన్నా బాగా పనిచేసే పరీక్ష ఒకటుంది. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఏటా నాలుగైదు సార్లు దున్నే తోటలోని ఎండు పెళ్ళ ఒకదాంట్లో, గడ్డి వేళ్లున్న గట్టు మీది పెళ్ళ ఇంకోదాంట్లో వేయాలి. మొదటిది టీలో ముంచిన బిస్కట్, చూస్తుండగానే కూలి బురదవుతుంది. రెండోది పెరుగులో వేసిన గారె, నీళ్లు పీల్చుకుంటుంది గానీ విడిపోదు.

ఎండు పెళ్ళ రంధ్రాల నిండా గాలే. నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒకేసారి చొరబడితే ఆ గాలి బయటికి దారిలేక నొక్కుకుపోయి పెళ్ళని లోపలినుంచే పగలగొడుతుంది. గారెని మినప్పిండి జిగురు పట్టుకున్నట్టు, వేళ్ల దగ్గర బాక్టీరియా వదిలే పాలీశాకరైడ్లనే జిగురు పదార్థాలు, శిలీంధ్రాల దారాలు మట్టిరేణువుల్ని కట్టి ఉంచుతాయి. దుక్కి దున్నితే దారాలు తెగుతాయి, గాలి తగిలి సూక్ష్మజీవులు జిగురుని తినేస్తాయి. బిస్కట్ నేలలో విడిపోయిన సన్న రేణువులు పై రంధ్రాల్లో కూరుకుపోయి, ఆరాక అట్టకడతాయి, తర్వాతి వాన దాని మీంచి జారిపోతుంది. ఒక మిల్లీమీటరు వానంటే హెక్టారుకి 10,000 లీటర్లు. 30 కురిసి 20 జారిపోతే, పోయినవి రెండు లక్షల లీటర్లు, మట్టితో సహా!

మరి దున్నకుండా గడ్డిని ఉండనిస్తే, చెట్టుకి దక్కాల్సిన నీళ్లు అది తాగేయదా? తాగుతుంది, రైతు భయం నిజమే. అందుకే అసలు పాఠం గడ్డి పెంచడం కాదు, ఎప్పుడు ఆపాలన్నది. చలికాలం ముందు బార్లీ, పిల్లిపెసర లాంటి వెచ్ తీగ చల్లుతారు, చలికాలమంతా బాదం చెట్టు ఆకు రాల్చి నిద్రలో ఉంటుంది. వసంతంలో అది ఆకు తొడిగి నీళ్లకి ఎగబడక ముందే గొర్రెల్ని తోలి మేపాలి, లేదా రోలర్‌తో తొక్కించి అక్కడే పరిచేయాలి. ఆలస్యం చేస్తే పదును పోతుంది, పంటా తగ్గుతుంది. ఇంతకన్నా కష్టం పరువు సంగతి, చేలో గడ్డి కనిపిస్తే ఒళ్లొంచని రైతు అంటారు, అక్కడా ఇక్కడా.

కరువొస్తే అక్కడ రైతుల పునీతుడు సాన్ ఇసిద్రో విగ్రహాన్ని ఊరేగిస్తారు, మనం రోకలికి కప్పని కట్టి తిప్పుతాం. వాన వచ్చిందే అనుకోండి, అట్టకట్టిన నేల దాన్నేం చేసుకుంటుంది?

మనకి వానా పంటా ఒకే కాలంలో కాబట్టి వాళ్ల లెక్క అలాగే దించుకుంటే కుదరదు. ఆంధ్ర ప్రకృతి సాగులో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, అసలు పంట కన్నా ముందే నేలని కప్పేది ఇందుకే. ముందు మీ చేలో గ్లాసు పరీక్ష చేయండి. పెళ్ళలు బాగా ఎండినవే తీసుకోండి, తడివైతే లోపల గాలి తక్కువ, బిస్కట్ కూడా గారెలా నిలబడి మోసం చేస్తుంది.